ఏవైఎస్‌ఓలో వాలంటీర్ రెఫరీ కావాలంటే: దరఖాస్తు నుంచి మొదటి మ్యాచ్ దాకా

రెండేళ్ల క్రితం ఓ శనివారం పొద్దున మా అమ్మాయి మ్యాచ్‌కి రెఫరీ రాలేదు. రెండు జట్ల పిల్లలూ బూట్లు కట్టుకుని గ్రౌండ్‌లో నిలబడ్డారు. గీత బయట మడత కుర్చీల్లో ముప్ఫై మంది పెద్దవాళ్లం ఉన్నాం, ఈల పట్టుకోవడానికి ఒక్కరికీ అర్హత లేదు. ఆ వారమే దరఖాస్తు పెట్టాను. కాలిఫోర్నియాలో ఉన్న తెలుగు తల్లిదండ్రులకు పనికొస్తుందని ఆ విధానం రాస్తున్నాను.

ఏవైఎస్‌ఓ 1964లో ఇక్కడి టోరెన్స్‌లో మొదలైన పిల్లల సాకర్ సంస్థ. కోచ్‌లు, రెఫరీలు ఎక్కువగా పిల్లల తల్లిదండ్రులే, జీతం ఉండదు. ఆటకు వచ్చిన ప్రతి బిడ్డకీ కనీసం సగం ఆట దక్కాలన్నది దాని మొదటి సూత్రం. ప్రతి సగంలోనూ మధ్యలో ఆట ఆపి, ఆటగాళ్లను మార్చే వీలిచ్చేది రెఫరీయే. మీరు చిన్నప్పుడు క్రికెట్ తప్ప ఇంకేమీ ఆడకపోయినా పర్వాలేదు. నేనూ అంతే.

పిల్లల్ని రిజిస్టర్ చేసిన ఖాతాతోనే మీ రీజియన్ (ఏవైఎస్‌ఓ స్థానిక శాఖ) సైట్‌లోకి లాగిన్ అయి, వాలంటీర్ విభాగంలో రెఫరీ పాత్ర ఎంచుకోండి. ఫాల్ సీజన్‌కి అయితే జూలైలోపు ఈ పని కానివ్వండి. దరఖాస్తు ఏటా మళ్లీ పెట్టాలి.

మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది పేరు దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక చోట, డ్రైవింగ్ లైసెన్సులో మరో చోట, మనం రోజూ వాడే పేరు ఇంకొకటి. సరదాగా పిలిచే పొట్టిపేరు రాయకండి. లైసెన్సులో ఏ అక్షరాలు ఏ వరుసలో ఉన్నాయో అవే దింపండి. నేను ఇంటిపేరునీ అసలు పేరునీ తారుమారుగా రాయడంతో బ్యాక్‌గ్రౌండ్ చెక్ (నేర చరిత్ర ఉందేమో చూసే తనిఖీ) రెండు వారాలు ఆగిపోయింది. ఆ చెక్‌కి మీ అనుమతి అడుగుతూ విడిగా ఈమెయిల్ వస్తుంది, స్పామ్‌లో కూడా వెతకండి. హెచ్4 డిపెండెంట్ వీసా మీద ఉండి సోషల్ సెక్యూరిటీ నంబర్ లేనివాళ్లు అక్కడే వదిలేయకుండా, రీజియన్‌లో పిల్లల, వాలంటీర్ల రక్షణ చూసే సీవీపీఏని అడగండి. ఒక్క హెచ్చరిక: వేరే లీగుల్లో మ్యాచ్‌కి ఇంత అని డబ్బిస్తారు. వర్క్ పర్మిట్ లేనివాళ్లు వాటి జోలికి వెళ్లొద్దు.

కాలిఫోర్నియాలో వేలిముద్రలు కూడా ఇవ్వాలి, దీన్నే లైవ్ స్కాన్ అంటారు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ఏబీ 506 చట్టం ప్రకారం, పిల్లలతో నెలకు 16 గంటలు లేదా ఏడాదికి 32 గంటలు దాటి గడిపే పెద్దవాళ్లకు ఇది తప్పనిసరి. రీజియన్ ఇచ్చిన ఫారమ్‌నే ప్రింట్ తీసి పట్టుకెళ్లండి. అందులో ఉండే కోడ్‌ని బట్టే రిపోర్టు వాళ్లకు చేరుతుంది. ఉద్యోగానికో మరో పనికో ఇదివరకు ఇచ్చిన వేలిముద్రలు చెల్లవు. పిల్లలున్న ఇంట్లో ఎవరికైనా ఈ తనిఖీలన్నీ విసుగు అనిపించకూడదని నా అభిప్రాయం.

తర్వాత ఆన్‌లైన్ పాఠాలు: సేఫ్ హేవెన్, సేఫ్‌స్పోర్ట్ (ఈ రెండూ పిల్లల రక్షణ గురించి), తలకు దెబ్బ తగిలితే గుర్తుపట్టడం, ఆటలో హఠాత్తుగా గుండె ఆగితే ఏం చేయాలన్నది. అన్నీ ఒకే రాత్రి క్లిక్ చేసుకుంటూ పోవద్దు. ముఖ్యంగా తల దెబ్బ పాఠం నిదానంగా చూడండి. పిల్లలు బాగానే ఉన్నానంటారు, ఆట ఆపాల్సింది మీరే.

ఇక రెఫరీ కోర్సు. ఎనిమిదేళ్లలోపు పిల్లల మ్యాచులకు 8యూ అఫీషియల్ అనే కోర్సు చాలు. పైవాటికి రీజనల్ రెఫరీ కోర్సు చేయాలి, అందులో ఆన్‌లైన్ పాఠాలతో పాటు గ్రౌండ్ మీద తరగతి కూడా ఉంటుంది. అందరికీ ఆఫ్‌సైడ్ (బంతి అందేలోపే ఎదుటి జట్టు రక్షకులను దాటి ముందుకెళ్లి నిలబడే తప్పు) అంటే టెన్షన్. టేబుల్ మీద ఉప్పు డబ్బా, కారం డబ్బా, గ్లాసులు పెట్టి జరుపుకుంటూ చూడండి, ఒక సాయంత్రంలో అర్థమవుతుంది. పదకొండేళ్ల విభాగం వరకు (ఏడాదికో విభాగం లేని చోట పన్నెండేళ్ల విభాగం వరకు) పిల్లలు కావాలని బంతిని తలతో కొడితే ఎదుటి జట్టుకు ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ (నేరుగా గోల్ కొట్టే వీల్లేని కిక్) అన్నది మాత్రం మొదటి రోజే గుర్తుండాలి. సర్టిఫికెట్ వచ్చాక షెడ్యూల్‌లో మ్యాచులు ఎంచుకోవచ్చు. మొదటి రెండు మూడు సార్లు జెండా పట్టుకుని అసిస్టెంట్‌గా నిలబడితే ధైర్యం వస్తుంది.

నా మొదటి మ్యాచ్‌లో ఆట మొదలవకముందే చిక్కు వచ్చింది. పిల్లలు కాళ్లకు కట్టుకునే షిన్‌గార్డులు చూస్తూ వెళ్తుంటే ఒక చిన్నారి చెవులకు బుజ్జి బంగారు కమ్మలు. నగలన్నీ తీయాల్సిందే, పైన టేపు అంటించినా ఒప్పుకోరు. చేతికి కట్టిన దేవుడి తాడైనా అంతే. మోకాళ్ల మీద కూర్చుని చెప్తుంటే ఆ పిల్ల కళ్లలో నీళ్లు. వాళ్లమ్మ వచ్చి శీల విప్పేసరికి ఐదు నిమిషాలు పట్టింది, అందరం ఆగాం. తర్వాత ఆ పిల్ల పరుగెత్తుకుంటూ గ్రౌండ్‌లోకి వెళ్లింది, నేను ఈల ఊదాను.