బైరన్ దగ్గర వెటకారం నేర్చుకుందాం – 3వ పాఠం: చివరి రెండు పాదాలు

పోయిన పాఠంలో ఎనిమిది పాదాల చరణం లెక్క చూశాం. మొదటి ఆరు పాదాల్లో రెండు ప్రాసలు ఒకదాని తర్వాత ఒకటి మారుతూ వస్తాయి, చివరి జంటకు కొత్త ప్రాస. ఇటలీ నుంచి వచ్చిన ఈ ఛందస్సును ఇంగ్లిష్ కవి బైరన్ 1818లో ‘బెప్పో’ అనే కావ్యంలో వాడి, 1819 నుంచి ‘డాన్ జువన్’ అనే పెద్ద కావ్యం దాదాపు అంతా దీంట్లోనే నడిపాడు. చురక పెట్టేది ఆ చివరి జంటే. ఈసారి పని దాని మీద.

‘డాన్ జువన్’ మూడో సర్గలో ఒక చరణం ఉంది. నవలలు ప్రేమ ముచ్చట్లను నిలువెత్తు బొమ్మగా గీస్తాయి, పెళ్ళి దగ్గరికొచ్చేసరికి భుజాల దాకా గీసి వదిలేస్తాయి అంటాడు. పెట్రార్క్ ఇటలీ కవి, లారా అనే ఆవిడ మీద సానెట్లనే పద్నాలుగు పాదాల ప్రేమ పద్యాలు రాసినవాడు. ఆరు పాదాలూ ఇలా తాపీగా నడిచాక ఒక ప్రశ్న: లారా పెట్రార్క్ పెళ్ళామై ఉంటే, ఆయన జీవితాంతం సానెట్లు రాసేవాడంటారా? అంతే, చరణం అయిపోయింది. జవాబు మన నోట్లోంచే వస్తుంది, నింద కవి మీద పడదు. గడుసుతనం అంటే ఇదీ.

నాకు ఇంతకన్నా ఇష్టమైనది రెండో సర్గ. ప్రియురాలు జూలియా రాసిన ఉత్తరం పట్టుకుని కథానాయకుడు జువన్ ఓడెక్కుతాడు. నిన్నెన్నటికీ మరువను అని ఒట్టేస్తుండగానే కడుపులో తిప్పి వాంతులు మొదలవుతాయి. ఇది తేలిక నవ్వు. తర్వాత ఓడ మునుగుతుంది, పడవలో తిండి అయిపోతుంది, ఎవరిని తినాలో చీట్లు వేద్దామంటారు. చీట్లకు కాగితమేదీ? సరిగ్గా చివరి జంటలో చెప్తాడు: వేరే దారిలేక జువన్ దగ్గర జూలియా ఉత్తరం లాక్కున్నారని. చీటీ జువన్ గురువు పెడ్రిల్లో అనే ఆయనకి పడుతుంది.

ప్రేమ బూటకం అని బైరన్ అక్కడ అననే లేదు. కాగితం దేనికి పనికొచ్చిందో చెప్పి ఊరుకున్నాడు. 1815లో పెళ్ళి చేసుకుని, ఏడాది తిరిగేసరికి విడిపోయి, 1816లో ఇంగ్లండ్ వదిలి మళ్ళీ తిరిగి వెళ్ళని మనిషి. అక్కసు వెళ్ళగక్కాలంటే కారణాలకేం కొదవ లేదు.

ఇక అభ్యాసం. దాచుకున్న వస్తువొకటి తీసుకోండి. ఆరు పాదాల్లో నిజంగానే పొగడండి, ఎగతాళి గొంతు రానీయకండి. చివరి రెంటిలో అదిప్పుడు ఏ పనికొస్తోందో చెప్పండి. నేను మా ఆవిడతో మొదటిసారి కలిసి ఎక్కిన బస్సు టికెట్టు మీద రాశాను. చివరి జంట ఇది:

ఆ టికెట్టే మొన్న అటక మీద దొరికిందండి,
వెనక ఆవిడ చేతిరాత: “కిలో కందిపప్పు తెండి.”

మొదట దీని కింద “ప్రేమంటే ఇంతేనండి” అని ఇంకో పాదం కూడా ఉండేది. ప్రాస కుదిరిందని మురిసిపోయి రెండు రోజులు ఉంచి, తర్వాత కొట్టేశాను. మీ దాంట్లో అలాంటి పాదం ఉంటే వెతికి కొట్టేయండి.

రాసింది దాచి ఉంచండి. వచ్చే పాఠంలో చదువుకున్న భార్యల మీద బైరన్ వేసిన విడ్డూరపు ప్రాస చూసి, దీన్నే మళ్ళీ సవరిద్దాం.