మందు గురించి జనానికి రాసే ముందు

ఫార్మా కంపెనీ తరఫున ఏదైనా రాసి బయటపెట్టే ముందు ఇవి చూసుకోండి.

• డాక్టరు చీటీపైనే అమ్మే షెడ్యూల్ హెచ్ మందా? కేంద్రం ముందస్తు అనుమతి లేకుండా ప్రచారం చేయకూడదు.

• షుగర్, క్యాన్సర్ నయమవుతాయన్న ప్రకటనలను 1954 నాటి చట్టం ఒప్పుకోదు.

• 2024 మార్కెటింగ్ నియమావళి ప్రకారం ‘సేఫ్’ అని ఊరికే రాయకూడదు. ‘సైడ్ ఎఫెక్ట్స్ లేవు’ అని అసలే వద్దు.

• నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. “ఈ మాత్ర వేసుకున్నాక దద్దుర్లు వచ్చాయి” అని ఎవరైనా కింద కామెంట్ రాస్తే చూసేదెవరు? ఆ బాధ్యత ఎవరిదో ముందే ఖాయం చేయండి. కంపెనీకి చెడ్డపేరని ఆ కామెంట్‌ను తొలగించకండి, అక్కడ ఒక మనిషి బాధపడుతున్నారు. అదే రోజు కంపెనీలో మందుల దుష్ప్రభావాలను గమనించే ఫార్మకోవిజిలెన్స్ విభాగానికి పంపండి. కొత్త మందుకు తీవ్రమైన, ఊహించని రియాక్షన్ అయితే 15 రోజుల్లో నియంత్రణ సంస్థకు చేరాలి. పండగ సెలవుల్లోనూ ఈ పని ఆగకూడదు.