హాల్లోకి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కొనేముందు జాగ్రత్తలు

• ముందు స్పీకర్లు పెట్టబోయే అర (షెల్ఫు) లోతు టేపుతో కొలవండి. స్పీకరు లోతుకి, వెనక వైర్లు బిగించే టెర్మినళ్ల కోసం ఇంకో 4–5 సెం.మీ. కలపాలి. గాలి పోర్టు (స్పీకరు పెట్టెలోంచి గాలి వచ్చిపోయే రంధ్రం) వెనకవైపు ఉంటే గోడకి కనీసం 10 సెం.మీ. ఎడం కావాలి, లేదంటే బేస్ గుంయ్‌మని ఉబ్బి, మాటలు ముద్దముద్దగా వినిపిస్తాయి. అరలో పెట్టేవాళ్లకి పోర్టు ముందున్నది, లేదా అసలు లేనిదే మేలు.

• ప్యాసివ్ స్పీకర్లకి (లోపల ఆంప్లిఫయర్ లేనివాటికి) ఆంప్లిఫయర్, అంటే సౌండు పెంచే పరికరం, విడిగా కొనాలి. యాక్టివ్‌కి (ఆంప్లిఫయర్ లోపలే ఉన్నవాటికి) దగ్గర్లో కరెంటు ప్లగ్గుండాలి.

• పసిపిల్లలున్న ఇంట్లో స్పీకరు ముందువైపు జాలీ తప్పనిసరి. ట్వీటర్ (సన్నటి, కీచు శబ్దాలు పలికించే చిన్న భాగం) మధ్య గుమ్మటంలా ఉండే పలచటి పొరను వేలితో ఒక్కసారి నొక్కితే చాలు, సొట్ట పడుతుంది.

• ట్వీటర్ కూర్చున్నవాళ్ల చెవి ఎత్తులో ఉండాలి.

• అద్దాల అల్మరా అయితే స్పీకర్ల కింద రబ్బరు ప్యాడ్లు వేయండి, అద్దాలు గడగడలాడవు.

• రంగు, చెక్క ఫినిషింగు ఇంట్లో అందరికీ చూపించాకే డబ్బు కట్టండి.