నెల్లూరు నుంచి వలెన్సియా ఎయిర్‌పోర్టుకి: ఒక రిటైర్డ్ కంట్రోలర్ చెప్పే దారి

నెల్లూరు బస్టాండులో ఇరవై రెండేళ్లు కంట్రోలర్ కుర్చీలో కూర్చున్నా. ఆత్మకూరు సర్వీసు ఎందుకు లేటో, ఉదయగిరి జనం ఏ ప్లాట్‌ఫారం దగ్గర గొడవ పడతా ఉన్నారో చూడకుండానే చెప్పేవాణ్ణి. అట్టాంటి నేను స్పెయిన్‌లో ఉన్న మా అమ్మాయిని చూడ్డానికి వలెన్సియా బయల్దేరి, మొదటిసారి చంటిపిల్లోడి మాదిరి దారి తప్పా. రెండోసారి పక్కూరికి పోయినట్టు పోయొచ్చా. ఆ రెండు ప్రయాణాలకీ మధ్య ఏం నేర్చుకున్నానో రాస్తున్నా. పిల్లలు రమ్మని పిలుస్తా ఉంటే "మాకు ఇంగ్లీషే రాదు, ఇంక ఆ భాష ఎట్టా" అని వెనకాడే నా ఈడు వాళ్లకి పనికొస్తాదని.

ముందు ఆ ఎయిర్‌పోర్టు ఎంతదో తెలుసుకుంటే సగం భయం పోతాది. ఊరికి పడమర 8 కిలోమీటర్లలో, మనీసెస్ అనే కుమ్మరుల ఊళ్లో ఉంది. పింగాణీకి పేరుబడ్డ ఊరది. 1933లో తెరిచారంట. నాకు ఏ స్టేషన్ చూసినా ముందు ట్రాఫిక్ లెక్క కావాలి, అలవాటు పోలేదు. 2019లో దాదాపు 85 లక్షల మంది ఎక్కి దిగారు. కరోనా ఏడాది అది 25 లక్షలకి పడిపోయింది. 2024లో ఏకంగా కోటీ 8 లక్షలు. కోటి అనేసరికి బెదరొద్దు. అదే ఏడాది మాడ్రిడ్‌లో 6 కోట్ల 60 లక్షల మంది. వలెన్సియా లెక్క రోజుకి పంచితే 30 వేలు, వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ కలిపి. సంక్రాంతి ముందు మూడు రోజులు మా బస్టాండు చూసినవాళ్లకి అదొక రద్దీనా?

భవనాలు కూడా ఒకచోటే. టి1, టి2 ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, పక్కన చిన్న విమానాల కోసం రీజనల్ టెర్మినల్. ఈ మూల నుంచి ఆ మూలకి నడిచి పోవచ్చు.

ఇంక అసలు మాట. టికెట్టు చెన్నై నుంచి వలెన్సియా దాకా ఒకటే తియ్యండి. మిగతా ఏం మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు. 2023 మేలో మా అల్లుడు నాలుగు డబ్బులు కలిసొస్తాయని చెన్నై నుంచి మాడ్రిడ్‌కి ఒక టికెట్టు, అక్కడ్నుంచి వలెన్సియాకి వేరే కంపెనీలో చవక టికెట్టు తీశాడు. మధ్యలో మూడు గంటల టైము. చాలు అనుకున్నాం. మాడ్రిడ్‌లో పాస్‌పోర్టు లైనుకే గంటన్నర పట్టింది. తర్వాత పెట్టెలు రావాల, తీసుకుని బయటికి రావాల, ఇంకో టెర్మినల్‌కి బస్సెక్కాల. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. కౌంటరు కాడికి చేరేసరికి మూసేశారు. ముందు విమానంతో మాకేం సంబంధం అన్నారు. వాళ్ల రూలు ప్రకారం వాళ్లు కరెక్టే, వేరే వేరే టికెట్లు గదా. సాయంత్రం విమానానికి మళ్లీ డబ్బు కట్టాం. దాని మీద ఇంకో తద్దినం: మా పెట్టె 23 కిలోలు, ఆ చవక టికెట్టుకి వాళ్లిచ్చేది 20. ఆ మూడు కిలోలకీ వసూలు చేశారు. మిగిలిందనుకున్న డబ్బుకి రెండింతలు పోయింది. ఆత్మకూరు బండి లేటైతే నేను కలిగిరి బండిని ఐదు నిమిషాలు ఆపేవాణ్ణి. ఇక్కడ ఆపేవాడు ఎవడూ లేడు.

ఒకే టికెట్టైతే పెట్టె చెన్నైలో వేస్తే వలెన్సియాలోనే బయటికొస్తాది. మధ్యలో విమానం తప్పితే వాళ్లే ఇంకోదాంట్లో ఎక్కించాల. పైగా యూరప్ చట్టం ఒకటుంది. యూరప్ కంపెనీ విమానంలో పోయినా, ఎవరి విమానమైనా యూరప్ నుంచి బయల్దేరినా, చివరి ఊరికి 3 గంటలు దాటి ఆలస్యంగా చేరిస్తే, దానికి కారణం వాళ్లయితే, దూరాన్నిబట్టి 250 నుంచి 600 యూరోల దాకా ఇవ్వాల. తుఫాను లాంటిదైతే డబ్బు రాదు గానీ తిండీ పడకా వాళ్లే చూడాల. బోర్డింగ్ పాసులు పారెయ్యకుండా దాచుకోండి.

చెన్నై నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి లుఫ్తాన్సా నేరుగా పోతాది, అక్కడ్నుంచి వలెన్సియాకీ వాళ్ల విమానమే ఉంది. 2025 మార్చిలో మేం పోయింది అట్టానే. గల్ఫ్ మీదుగా పోయే దారులూ ఉన్నాయి, కానీ అవి ఎక్కువగా మాడ్రిడ్‌లోనో బార్సిలోనాలోనో దించుతాయి. మాడ్రిడ్ నుంచి వలెన్సియాకి 2010 నుంచి హైస్పీడ్ రైలుంది, రెండు గంటల లోపే చేరుస్తాది. పిల్లలు మాడ్రిడ్‌కి ఎదురొచ్చేటట్టైతే అది బాగుంటాది. ఒంటరిగా పోయే పెద్దవాళ్లకి నేనైతే చెప్పను.

వీసా గురించి పొడుగ్గా రాయను, పిల్లలకి తెలుస్తాది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, ఫీజు 90 యూరోలు. 30,000 యూరోలకి తగ్గకుండా వైద్య ఇన్సూరెన్స్ కావాల. 180 రోజుల్లో 90 రోజులకి మించి ఉండకూడదు. పిల్లల ఇంట్లోనే దిగేటట్టైతే అక్కడి పోలీసుల దగ్గర ఆహ్వాన పత్రం తీసి పంపాల, దాన్ని కార్తా దె ఇన్విటసియోన్ అంటారు. అపాయింట్‌మెంటు తొందరగా దొరకదు. టికెట్లకన్నా ముందు దాని పని మొదలుపెట్టించండి.

పెట్టె సర్దేటప్పుడే పెద్ద యుద్ధం. మా ఆవిడ నెయ్యి, చికెన్ పచ్చడి, మలై కాజా, పెరట్లో కోసిన కరివేపాకు, అన్నీ మంచం మీద పరిచింది. అమ్మాయి వీడియో కాల్‌లో చూసి "నాయనా, అమ్మతో అవన్నీ తీయించెయ్" అనింది. బయటి దేశాల నుంచి మాంసం, పాలతో చేసినవి యూరప్‌లోకి తేనివ్వరు. నెయ్యి కూడా పాలదే, ఇంట్లో కాచినా అంతే. పచ్చి ఆకులకి మన దేశం ఇచ్చే మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్టు లేకుండా కుదరదు. మా ఆవిడ అరగంట మాట్లాడలేదు. కానీ చేపలు, రొయ్యలకి మాత్రం మినహాయింపు ఉంది, సొంతానికైతే 20 కిలోల దాకా. ఈ సంగతి తెలిశాక ఆమె మొహం చూడాల! నెల్లూరోళ్లకి అంతకన్నా ఏం కావాల? చికెన్ పచ్చడి పోయి రొయ్యల పచ్చడి వచ్చింది. గోంగూర, మామిడికాయ పచ్చళ్లు, పప్పులు, పొడులు సరే. మూత మీద టేపు నాలుగు చుట్లు చుట్టి, రెండు కవర్లలో పెట్టి, పెద్ద పెట్టెలోనే వెయ్యండి. చేతి సంచిలో పచ్చడి పెడితే చెన్నై సెక్యూరిటీలోనే ఆగిపోతాది, వాళ్ల లెక్కలో అది కూడా ద్రవమే.

నెల్లూరు నుంచి చెన్నైకి రైల్లో 176 కిలోమీటర్లు. మనకి దగదర్తి విమానాశ్రయం మాట వింటా వింటానే నేను రిటైరయ్యా, కాబట్టి ఇప్పటికీ చెన్నైయే గతి. విమానం అర్ధరాత్రి దాటాక. మేం మధ్యాహ్నానికి చెన్నై చేరే పినాకినిలో పోయి, సెంట్రల్ నుంచి మెట్రోలో నేరుగా ఎయిర్‌పోర్టుకి పోయాం. రాత్రి కారులో పోతే వానకో లారీకో ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటాం. నాలుగు గంటలు ముందుపోయి కూర్చోవడం మేలు.

వీల్‌చైరు సంగతి. మా ఆవిడ మొదటిసారి "నేనేం కుంటిదాన్నా" అనింది. మాడ్రిడ్‌లో అయ్యాక మాట్లాడలేదు. టికెట్టు తీసేటప్పుడే కంపెనీకి చెప్పాల, కనీసం 48 గంటల ముందు. యూరప్‌లో ఇది చట్టప్రకారం ఉచితం. స్పెయిన్‌లో ఎయిర్‌పోర్టులు నడిపే ఏనా అనే సంస్థ ఈ పనికి మనుషుల్ని పెట్టింది, పెట్టె తీసి బయటిదాకా తెచ్చి అప్పగిస్తారు. భాష రానివాళ్లకి నడవగలిగినా ఇదే మంచి ఉపాయమని నా అభిప్రాయం. తోసేవాడికి దారి తెలుసు, మనకి తెలియక్కర్లేదు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే పాస్‌పోర్టు పని అయిపోతాది. షెంజెన్ అంటే ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల గుంపు. అందులో మనం దిగిన మొదటి ఊరు అదే గాబట్టి, ప్రశ్నలన్నీ అక్కడే: ఎందుకొచ్చారు, ఎన్నాళ్లు, ఎవరింట్లో. ఆహ్వాన పత్రం, తిరుగు టికెట్టు, ఇన్సూరెన్స్ మూడూ ఒక ప్లాస్టిక్ కవర్లో చేతిలో పెట్టుకోండి. 2025 అక్టోబర్ 12 నుంచి వేలిముద్రలు, ముఖం ఫొటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది. లైను ఇంకాస్త పొడుగవుతాది. రెండు విమానాల మధ్య మూడు గంటలకి తగ్గకుండా చూసుకోండి.

అక్కడ తప్పు జరక్కుండా చూసుకుంటే వలెన్సియాలో ఇంక అడిగేవాడే ఉండడు. దిగగానే పాస్‌పోర్టు కౌంటరు కనపడక నేను కంగారుపడ్డా. లేదు, ఇంక లేదు. విజయవాడ నుంచి వచ్చి దిగినట్టు దిగి పోవడమే. బోర్డులు మూడు భాషల్లో ఉంటాయి: వలెన్సియన్, స్పానిష్, ఇంగ్లీషు. వచ్చేవాళ్ల వైపు స్పానిష్‌లో యెగాదాస్. ఉగాది గుర్తుపెట్టుకుంటే చాలు. పోయేవాళ్లది సలీదాస్, బాత్రూము అసేయోస్. వైఫై ఉచితం. సిమ్ లేకపోయినా వాట్సాప్‌లో "దిగాం" అని కొట్టొచ్చు.

బెల్టు దగ్గర ఒకటి గమనించా. యూరప్ లోపల్నే తిరిగే పెట్టెల చీటీకి రెండు పక్కలా పచ్చగీత ఉంటాది. మన పెట్టెకి ఉండదు, తెల్లగా ఉంటాది. అందుకే కస్టమ్స్ వాళ్లు అంతమందిలో మన పెట్టెనే చూస్తారు. మా ఆవిడ పాత చీర ముక్క కట్టిన ఎర్ర పెట్టెను పక్కకి పిలిచారు. ఆఫీసరమ్మ గ్లవ్స్ వేసుకుని స్టీలు డబ్బా చుట్టూ టేపు ఒక్కో చుట్టూ విప్పుతా ఉంటే, నా గుండె గోదారైపోయింది. మూత తీసింది. ఎల్లిపాయ, నూనె ఘుమఘుమ. ఏందని చేత్తో అడిగింది. అమ్మాయి నేర్పిన మాట గుర్తొచ్చింది. "గాంబాస్" అన్నా. రొయ్యలు అని. ఆమె ఒకసారి డబ్బాలోకి, ఒకసారి మా మొహాల్లోకి చూసి, నవ్వి, మూత పెట్టేసింది. టేపు మాత్రం మళ్లీ చుట్టలేదు. కాబట్టి ఒక టేపు చుట్ట చేతి సంచిలో ఉంచుకోండి.

బయటికి రాగానే మెట్రో. స్టేషన్ టెర్మినల్‌కి అంటుకునే ఉంటాది. 3, 5 నెంబర్ల లైన్లు రెండూ ఊరి మధ్యలోకే పోతాయి, ఏదెక్కినా షాతివాలోనో కొలోన్‌లోనో దిగొచ్చు. ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. మామూలు రోజుల్లో అర్ధరాత్రి తర్వాత నడవదు, అప్పుడు టాక్సీయే. రెండు పెద్ద పెట్టెలుంటే పగలైనా టాక్సీ ఎక్కండి, ఆ డబ్బుకి లెక్క చూడకండి.

ఎప్పుడు పోవాల? మార్చి 15 నుంచి 19 దాకా అక్కడ ఫాయెస్ పండగ, వీధి వీధికీ పెద్ద బొమ్మలు పెట్టి చివరి రాత్రి తగలబెడతారు. చూడాల్సిందే, కానీ ఆ వారంలో దిగొద్దు, ముందే చేరండి. ఆగస్టు సెలవుల రద్దీ. అక్టోబర్, నవంబర్‌లో వానలు. 2024 అక్టోబర్ 29న వచ్చిన వరదకి అక్కడ రెండొందల మందికి పైగా చచ్చిపోయారు. ఆ సాయంత్రం విమానాలు వేరే ఊళ్లకి మళ్లించారు, మెట్రో వారాల తరబడి నడవలేదు. అమ్మాయి ఫోన్ కలిసేదాకా మేమిద్దరం అన్నం ముట్టలేదు. 2021 నవంబర్‌లో పడుగుపాడు కాడ రైలు కట్ట కొట్టుకుపోయిన రోజులు గుర్తొచ్చాయి. ఆ నెలల్లో పోతే తిరుగు ప్రయాణానికి ఒకట్రెండు రోజులు అటూ ఇటూ ఉంచుకోండి. నాకైతే మే బాగుంది. మొదటిసారి అన్ని తిప్పలు పడి సాయంత్రం దిగేటప్పుడు కిటికీలోంచి చూస్తే, అల్బుఫేరా చెరువు పక్కన మళ్లకి నీళ్లు పెట్టి ఉన్నారు. గట్లు, మళ్లు, నీళ్లలో ఎర్రటి పొద్దు. ఇందుకూరుపేట దారిలో పోతున్నట్టే ఉంది. వాళ్లూ వరి పండించేవాళ్లేనని అప్పటిదాకా నాకు తెలియదు.

తిరుగు ప్రయాణానికి రెండున్నర గంటల ముందు చేరితే సరిపోతాది. పొద్దున ఆరు, ఏడు గంటల మధ్య చవక విమానాలన్నీ ఒక్కసారే లేస్తాయి, సెక్యూరిటీ లైను అప్పుడే పొడుగు. మనది ఆ టైమైతే ఇంకో అరగంట ముందుపోండి. దేశం దాటే పాస్‌పోర్టు తనిఖీ ఇక్కడ ఉండదు, ఆ పని మళ్లీ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే. పెట్టెలకి చెన్నై దాకా చీటీ వేశారా లేదా కౌంటర్లో నిలబడి చదవండి, మూడక్షరాలు ఎం ఏ ఏ అని ఉండాల.

చెన్నైలో రాత్రిపూట దిగితే, నెల్లూరు బస్సులు కోయంబేడు నుంచి ఎప్పుడో మాధవరానికి మారాయని మర్చిపోకండి. ఎయిర్‌పోర్టు నుంచి అది ఊరికి ఆ చివర. రెండు పెట్టెలతో ఆ టైములో అక్కడికి పోయే బదులు, ఇంటి నుంచి తెలిసిన కారు పిలిపించుకోండి. ముప్పై ఏళ్లు ఆర్టీసీ ఉప్పు తిన్నవాణ్ణి, నేనే చెప్తున్నా.