పాత కంప్యూటర్‌లో ర్యామ్ పెంచే ముందు వైరు పీకారా?

గత వారం మా వీధిలో డిగ్రీ చదువుతున్న ఒక అబ్బాయి, ఇంట్లోని పాత కంప్యూటర్‌కు రెండు జీబీ ర్యామ్ చాలడం లేదని నాలుగు జీబీ ర్యామ్ స్టిక్ (ర్యామ్ చిప్పులుండే సన్నని పలక) కొని తెచ్చుకున్నాడు. తెర మీద ఏమీ రాకపోయేసరికి దాన్ని తీసి పెట్టి, మళ్లీ తీసి పెట్టి, చివరికి కంప్యూటర్ భాగాలన్నిటినీ కలిపే మదర్‌బోర్డునే పోగొట్టుకున్నాడు. నేను వెళ్లేసరికి గదిలో ప్లాస్టిక్ కాలిన వాసన ఇంకా పోలేదు. స్టిక్‌ను వెలుతురుకు పట్టి చూస్తే బంగారు పూత ఉన్న పిన్నుల్లో రెండు నల్లగా మాడిపోయి ఉన్నాయి, అది దిగే స్లాట్‌లో సరిగ్గా అదే చోట గోధుమ రంగు మచ్చ ఏర్పడింది. "గోడ మీద స్విచ్ ఆపేశాను అంకుల్" అన్నాడు. ఆపిన మాట నిజమే. అయితే బల్ల కింద యూపీఎస్ బ్యాటరీ మీద నడుస్తూ ఆగి ఆగి కూస్తూనే ఉంది.

నేను చూసినంతలో పాత కంప్యూటర్లు ఈ పనిలో పాడైపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. షట్‌డౌన్ చేసినంత మాత్రాన, ముందున్న దీపం ఆరినంత మాత్రాన కంప్యూటర్‌లో కరెంటు లేనట్టు కాదు. ఎస్‌ఎంపీఎస్‌కు (కంప్యూటర్‌లోపల కరెంటు సరఫరా చేసే పెట్టెకు) కరెంటు అందుతున్నంత సేపూ అది 5 వోల్టుల స్టాండ్‌బై సరఫరాను మదర్‌బోర్డుకు పంపుతూనే ఉంటుంది; స్లీప్‌లో ఉన్న కంప్యూటర్‌లో ర్యామ్ బతికేది దాని మీదే. పాత కంప్యూటర్లలో ఉండే డీడీఆర్2, డీడీఆర్3 రకం ర్యామ్ స్టిక్కులకు పక్కపక్క పిన్నుల మధ్య దూరం ఒక్క మిల్లీమీటరు మాత్రమే కాబట్టి, కరెంటు ఉన్న స్లాట్‌లో స్టిక్ కొంచెం ఏటవాలుగా దిగినా ఒక పిన్ను పక్కదాని చోటును తాకుతుంది, ఆ క్షణంలోనే నష్టం జరిగిపోతుంది. అందువల్ల సీపీయూ డబ్బా వెనుక ఎస్‌ఎంపీఎస్‌కు తగిలించిన పవర్ కేబుల్‌ను చేత్తో పట్టుకుని పీకేయాలి. గోడ స్విచ్‌ను నమ్మకూడదు, యూపీఎస్ బటన్‌నూ నమ్మకూడదు. పీకిన తర్వాత పవర్ బటన్‌ను పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోవాలి. బోర్డు మీద చిన్న దీపం ఉంటే అది పూర్తిగా ఆరేదాకా ఆగాలి.

ఇక కొనుగోలు సంగతి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినప్పటి నుంచి, ర్యామ్ పెంచితే పాత కంప్యూటర్‌లో విండోస్ 11 ఎక్కుతుందని ఆశపడేవారు ఎక్కువయ్యారు. విండోస్ 11 అడిగేది నాలుగు జీబీయే అయినా, దానితోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పును, కొత్త తరం ప్రాసెసర్‌ను కూడా అడుగుతుంది కనుక ఆ ఆశతో డబ్బు పెట్టకండి. 32 బిట్ల విండోస్ ఉన్నవారికి ఎనిమిది జీబీ పెట్టినా నాలుగుకు లోపే వాడుకలోకి వస్తుంది. బోర్డు మీద చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్పుల జట్టు) పేరు చూసుకోండి: జీ31 అయితే నాలుగు జీబీ, జీ41 అయితే ఎనిమిది, హెచ్61 అయితే పదహారు దాని హద్దు. డీడీఆర్2, డీడీఆర్3 రెండింటికీ పిన్నులు 240 అయినా మధ్యలో గాటు ఉండే చోటు వేరు, వోల్టేజీ వేరు. గాటు కుదరకపోతే అది మీ బోర్డుది కాదని అర్థం, బలవంతంగా నొక్కకండి.

ఆ అబ్బాయి బోర్డు జీ41. అతను తెచ్చిన నాలుగు జీబీ స్టిక్‌కు ఎనిమిదే చిప్పులున్నాయి. ఒక్కో దానిలో అంత ఎక్కువ మెమరీ ఇమిడిన చిప్పులను ఆ చిప్‌సెట్ గుర్తించలేదు. దానికి రెండు వైపులా కలిపి పదహారు చిప్పులున్న స్టిక్కే కావాలి. అంటే స్టిక్‌లో లోపం లేదు, బోర్డులోనూ లోపం లేదు, వందసార్లు తీసి పెట్టినా తెర వెలిగేది కాదు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే అన్నిసార్లు తీసి పెట్టే అవసరమే వచ్చేది కాదు, బోర్డు దక్కేది. అతని తల్లి దాచుకున్న పెళ్లి ఫోటోలు హార్డ్‌డిస్క్‌లో క్షేమంగా ఉండడం ఒక్కటే ఊరట.

మొదటిసారి అందరూ జాగ్రత్తగానే వైరు పీకుతారు. రెండోసారీ పీకుతారు. తెర నల్లగానే ఉండి విసుగు పుట్టిన తర్వాత, నాలుగోసారో ఐదోసారో, "ఒక్క నిమిషమే కదా" అనుకుని చెయ్యి పెట్టేస్తారు, ప్రమాదం అక్కడే ఉంది. స్టిక్‌ను ఎన్నిసార్లు ముట్టుకుంటారో అన్నిసార్లూ వైరు పీకండి.

మొదటి నుంచీ పాటించవలసినవి, తెర రాకపోతే చేయవలసినవి ఇవి. సీపీయూ డబ్బా తెరవక ముందే ముఖ్యమైన ఫైళ్లను బయట డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ర్యామ్‌ను ముట్టుకునే ముందు క్యాబినెట్‌లో రంగు లేని ఇనుప భాగాన్ని తాకండి, ఒంట్లోని స్థిర విద్యుత్తు చిప్పుల మీదికి పోకుండా ఉంటుంది. పాత స్టిక్‌ను తీసేసి కొత్తదాన్ని ఒక్కదాన్నే పెట్టి చూడండి, తర్వాత రెండో స్లాట్‌లో పెట్టి చూడండి. మధ్యలో వైరు పీకండి. రెండు చివర్ల క్లిప్పులూ వాటంతట అవే టక్కున మూసుకోవాలి, ఒక్కటే మూసుకుంటే స్టిక్ దిగనట్టే. పిన్నులు మసకబారితే మెత్తటి తెల్ల రబ్బరుతో తుడవండి, ఆ పొడిని స్లాట్‌లో పడనీయకండి. స్లాట్‌లోకి నోటితో ఊదకండి. పీప్ శబ్దం ఆగకుండా వస్తుంటే అది ఎక్కువగా ర్యామ్ గురించే. రెండు స్టిక్కుల వేగాలు వేరైతే రెండూ తక్కువ వేగంతోనే నడుస్తాయి, దాన్ని లోపం అనుకోకండి. చౌకగా దొరికే సర్వర్ ర్యామ్ కొనకండి. ఏఎండీకి మాత్రమే అని రాసి ఉన్నదాన్ని ఇంటెల్ బోర్డులో పెట్టకండి. బోర్డు మీద చిన్న డబ్బాల్లా ఉండే కెపాసిటర్లు పైకి ఉబ్బి ఉంటే ఆ బోర్డు మీద ఇక ఖర్చు పెట్టకండి. పిల్లలకు ఈ పని ఒంటరిగా అప్పగించకండి. పాత స్టిక్‌తో కూడా తెర రాకపోతే, వైరు పీకిన తర్వాత బోర్డు మీది నాణెం ఆకారపు బ్యాటరీని తీసి, కాసేపు ఆగి మళ్లీ పెట్టండి.

తెర వచ్చిందని వెంటనే పనిలో పడకండి. లోపం ఉన్న ర్యామ్ ఫైళ్లను నిశ్శబ్దంగా చెడగొడుతుంది, ఆ చెడిపోయిన ఫైలే హార్డ్‌డిస్క్‌లో సేవ్ అవుతుంది. ఆ రాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ప్రోగ్రామ్‌ను తెల్లవార్లూ నడవనీయండి. అది ఒక్క తప్పు చూపినా ఆ స్టిక్‌ను తీసేయండి. తీసే ముందు వైరు పీకండి.