రాతిగుంటల్లో బుల్లి జీవాలు, 3వ పాఠం: అష్టమి నాడు ఎవరు వెళ్ళమన్నారు?

పోయిన పాఠం చూసి, సముద్రం తగ్గినప్పుడు రాళ్ళ మధ్య నీళ్ళు నిలిచే గుంటలు చూద్దామని వైజాగ్ తెన్నేటి పార్కు కింద రాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చినవాళ్ళంతా ఒకటే మాట, "గుంటలెక్కడ సార్, అంతా నీళ్ళే". ఒక మాస్టారైతే తొమ్మిదో క్లాసు పిల్లల్ని ముప్పై మందిని తీసుకెళ్ళి, చేసేదేం లేక అలలు చూపించి మొక్కజొన్న పొత్తులు కొనిపెట్టి తీసుకొచ్చేశారట. పీతల పాఠం తర్వాత చూద్దాం, ముందు ఈ గొడవ తేలాలి.

సగం తప్పు నాదే, "ఆటు టైమ్ చూసుకుని వెళ్ళండి" (ఆటు అంటే నీళ్ళు వెనక్కి తగ్గడం) అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నా. మీరు టైమ్ చూశారు, తిథి చూడలేదు, అష్టమి నాడు వెళ్ళారు. మన దగ్గర రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు ఎప్పుడూ ఉంటాయి, అష్టమి నాడూ ఉంటాయి, కానీ ఆ రోజు సూర్యుడు ఒకవైపు చంద్రుడు ఇంకోవైపు లాగడంతో నీళ్ళు వెనక్కి తగ్గేది కాస్తే. అమావాస్యకీ పున్నానికీ ఇద్దరూ ఒకే వరసలో లాగుతారు, కింది రాళ్ళు బయటపడేది అప్పుడే. అందుకే నేను ముందు గోడ మీది క్యాలెండర్ చూస్తా, అమావాస్యో పున్నమో పట్టుకుని ఆ రోజూ తర్వాత రెండు రోజులూ గుర్తు పెట్టుకుంటా, గంట నిమిషాలకే టైడ్ టేబుల్, అంటే ఆటుపోట్ల టైముల పట్టిక. ఆ మూడింట్లో ఆదివారం రాకపోతే ట్రిప్పే పెట్టుకోను.

ఇంకోటి, ఆటు 2 గంటలకని ఉంటే 2కి వెళ్ళకండి, 12:30కే ఉండండి. నీళ్ళు తగ్గుతుంటే వాటి వెనకాలే కిందికి దిగాలి, 2 అయ్యాక పైకి వచ్చేస్తుండాలి. 2కి వచ్చి పై గుంటల దగ్గరే ఫొటోలు దిగుతూ కూర్చుంటే కిందికి చేరేసరికి నీళ్ళు తిరిగొచ్చేస్తాయి. ఇవాళ 2 అయితే రేపు దాదాపు 2:50, నిన్నటి టైమ్ పట్టుకుని వెళ్ళేవాళ్ళకి దండం.

చెప్పులు, టోపీ, అలకి వీపు పెట్టకపోవడం, ఇవన్నీ తెలిసినవే. వలలు మాత్రం తేవద్దు, నాకు చిరాకు. తెల్ల ఐస్‌క్రీమ్ డబ్బా, స్పూను, పెన్సిలు చాలు. పెన్ను తడిస్తే పేజీ అంతా నీలం.

రాతి మీద గరుగ్గా, చిన్న కొండల్లా తెల్లగా అతుక్కుని ఉంటాయే, బార్నకిల్స్, పిల్లలు వాటిని గవ్వలంటారు. గవ్వ కాదు, రొయ్యకి చుట్టం. 1830లో థాంప్సన్ అనే ఆయన వీటి పిల్లదశని చూసి ఆ సంగతి పట్టుకున్నాడు. నీళ్ళలో మునిగున్న ఒకదాని పక్కన, మీ నీడ దాని మీద పడకుండా, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. పైన మూత చీలుతుంది, లోపల్నించి కుచ్చులాంటిది బయటికొచ్చి విచ్చుకుని, గుప్పిట మూసినట్టు ముడుచుకుని లోపలికి పోతుంది, మళ్ళీ వస్తుంది. అవి దాని కాళ్ళు. తల రాతికి అంటించుకుని కాళ్ళతో తిండి లాక్కుంటోంది. నీడ పడిందా, టక్కున మూత.

ఖాళీ శంఖాల్లో దూరి బతికే సన్యాసి పీతలు, వీపు మీద ఎనిమిది పలకలుండే కైటన్లు అవే కనిపిస్తాయి, వాటికి నేనక్కర్లేదు. రాయి ఎత్తితే ఎలా ఉన్నది అలాగే పెట్టేయండి.

హోంవర్కు: బైండింగ్ వైరుతో 25 సెంటీమీటర్ల చదరం చేసుకుని పైన, మధ్యలో, కింద మూడు చోట్ల పెట్టి బార్నకిల్స్ లెక్కపెట్టండి. వచ్చే అమావాస్యకి, ఆపై పున్నానికి అదే రాయి, అవే మూడు చోట్లు. అవును, వందల్లో ఉంటాయి. మూత లేకుండా బోలుగా ఉన్నవి చచ్చినవి, వాటిని వేరే గడిలో రాయండి.