దేవునికి అప్పగించి నిర్ణయం తీసుకోవడం ఎలా?

సంఘంలో ప్రార్థన మనవులు చదివేటప్పుడు గమనించండి. 'మా అబ్బాయికి అమెరికా వీసా రావాలని ప్రార్థించండి' అని చీటీ వస్తుంది. 'మా అబ్బాయి వెళ్లాలా వద్దా మాకు తెలిసేలా ప్రార్థించండి' అని మాత్రం దాదాపు ఎప్పుడూ రాదు. నిర్ణయం ఇంట్లో ముందే అయిపోయింది, దేవుని దగ్గరికి సంతకం కోసం వస్తున్నాం.

ప్రార్థనలో మనసు నిలవట్లేదు, వాక్యం చదివితే ఏమీ అనిపించట్లేదు అని బాధపడేవాళ్లతో కాసేపు కూర్చుంటే చాలాసార్లు అడుగున తేల్చని విషయం ఒకటి బయటపడుతుంది. అప్పు, పెళ్లి సంబంధం, ఉద్యోగం, అన్నదమ్ముల మధ్య నలుగుతున్న పొలం. దాన్ని నిజంగా దేవుని చేతికిచ్చి, తర్వాత బుర్ర పెట్టి తేల్చుకున్నవాళ్లలో భక్తి మళ్లీ చిగురించడం నేను పదేపదే చూశాను. బైబిలులో పౌలు రాసిన రోమా పత్రిక 12వ అధ్యాయంలో వరస కూడా ఇదే. మొదటి వచనంలో మిమ్మల్ని సజీవ యాగంగా సమర్పించుకోమన్నాడు. మనసు మారి నూతనమవడం, దేవుని చిత్తమేదో పరీక్షించి తెలుసుకోవడం రెండో వచనంలో ఉన్నాయి. మనం రెండోది ముందు అడుగుతాం.

కావలసినవి

బైబిలు, రూళ్ల నోట్‌బుక్, పెన్ను. బైబిలు పుస్తకమే ఉండాలి, ఫోన్‌లో యాప్ వద్దు. ఫోన్ వేరే గదిలో పెట్టండి. తెల్లవారుజామున కూర్చోవాలి, రాత్రి పన్నెండుకి కాదు. ఒక పూట ఉపవాసం చాలు. వారం రోజులు తిండి మానేసి నీరసంతో పెద్ద నిర్ణయాలు తీసుకోకూడదు. ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని బదరీ చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత మొదట చేసింది ప్రసంగం కాదు, రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ నిద్రపోనివ్వడం. నెలల తరబడి నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా ముందు డాక్టరుకి చూపించుకోండి. అది అవిశ్వాసం కాదు.

మొదటి పనులు

51వ కీర్తన నెమ్మదిగా చదవండి. ఒప్పుకోవలసిన పాపం గుర్తొస్తే ఒప్పుకోండి, ఎవరికైనా డబ్బు ఎగ్గొట్టి ఉంటే ఇచ్చేయండి. తర్వాత విషయాన్ని ఒక్క వాక్యంలో, ప్రశ్నగా రాయండి. 'బాబు చదువు' అని రాస్తే పనికిరాదు. 'ఇల్లు తాకట్టు పెట్టి, అప్పు చేసి బాబును ఈ ఏడాది ఎమ్మెస్‌కి పంపాలా?' అని రాయాలి. ఇల్లు అన్న మాట కాగితం మీద కనిపించాలి.

అసలు కష్టమైనది: అప్పగించడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే. 'ప్రభువా, నీ చిత్తం' అని నోటితో అనేసి లేచిపోతారు. అది అప్పగించడం కాదు.

ముందు మీకు ఏం కావాలో దేవునికి దాచకుండా చెప్పండి. నాకు వాడు వెళ్లాలని ఉంది, మా తోడికోడలి కొడుకు వెళ్లాడు, మేం వెనకబడిపోయామని ఉంది. ఇవన్నీ రాయండి. సిగ్గుపడొద్దు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు కూడా ఆ గిన్నె, అంటే రాబోయే శ్రమ, తొలగిపోవాలని ముందు అడిగాడు. ఆ తర్వాతే 'నా యిష్టము కాదు, నీ చిత్తమే సిద్ధించునుగాక' అన్నాడు. కోరికను చెప్పకుండా దాటేసినవాళ్లు దాన్ని జేబులో పెట్టుకునే లేస్తారు.

తర్వాత పేజీ మధ్యలో గీత గీయండి. ఒక పక్క 'వెళ్తే', ఇంకో పక్క 'వెళ్లకపోతే' అని రాయండి. మీకు ఇష్టం లేని పక్క ముందు పట్టుకోండి. 'ప్రభువా, వాడు ఇక్కడే ఉండిపోయినా, బంధువులు అడిగినా, నేను నీకు కృతజ్ఞత చెల్లిస్తాను' అని గట్టిగా, మీ చెవులకు వినపడేలా అనండి. గొంతు పెగలకపోతే అక్కడే ఆగండి. ఇంకా అప్పగించలేదని అర్థం. మర్నాడు మళ్లీ కూర్చోండి. యేసు అదే ప్రార్థన మూడుసార్లు చేశాడని మత్తయి రాశాడు. మనకు ఒక్క ఉదయంలో ఎందుకు అయిపోవాలి? రెండు పక్కలూ అనగలిగేదాకా ముందుకు కదలొద్దు. ఫీజు గడువు దగ్గరపడుతోందని టెన్షన్ పడి ఈ మెట్టు దాటేసేవాళ్లే తర్వాత 'దేవుడు ఇలా చేశాడేంటి' అని ఏడుస్తారు.

జవాబు ముందే తెలిసిన విషయాన్ని ఇక్కడికి తేవద్దు. ఇశ్రాయేలీయులను శపించడానికి రమ్మని మోయాబు రాజు కబురు పంపితే, బిలామును వెళ్లొద్దని దేవుడు స్పష్టంగా చెప్పాడు. ఇంకా గొప్ప అధిపతులు వచ్చేసరికి బిలాము మళ్లీ అడుగుతానన్నాడు. తప్పుడు బ్యాంకు బ్యాలెన్సు చూపించాలా, కట్నం అడగాలా అన్నవాటికి ఉపవాస ప్రార్థన అక్కర్లేదు. అవి తప్పు, అంతే.

ఇంకొకటి. అప్పగించుకోవడమంటే దెబ్బలు తింటూ ఇంట్లో పడి ఉండడమని కొందరు ఆడవాళ్లకు చెప్తున్నారు. దయచేసి అలా చెప్పొద్దు. సౌలు రాజు ఈటె విసిరినప్పుడు దావీదు తప్పుకున్నాడు, ఆ రాత్రే పారిపోయాడు. దేవుని హృదయానుసారుడైన మనిషే అలా చేశాడు. కొట్టే ఇంట్లో ఉన్నవాళ్లు ముందు క్షేమంగా బయటపడాలి, ఈ నోట్‌బుక్ తర్వాత.

గుర్తులు అడగొద్దు. బైబిలు కళ్లు మూసుకుని తెరవడం, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో చేతికొచ్చిన వాగ్దాన కార్డును వీసా జవాబుగా తీసుకోవడం నాకు అసలు నచ్చవు. ఆ కార్డులోని వాక్యం దేవునిదే. కానీ అది మీ ప్రశ్నకు జవాబు కాదు. గిద్యోను గుర్తు కోసం గొర్రెబొచ్చు పరిచి, దాని మీదే మంచు పడాలని అడిగాడు కదా అంటారు. గిద్యోనుకు జవాబు అప్పటికే తెలుసు, 'నీవు సెలవిచ్చినట్లు' అని తనే అన్నాడు. యూదా స్థానంలో మత్తీయను అపొస్తలుడిగా ఎన్నుకోవడానికి చీట్లు వేసింది పరిశుద్ధాత్మ దిగిరాక ముందు. ఆ తర్వాత అపొస్తలులు చీట్లు వేసినట్టు ఎక్కడా లేదు. యెరూషలేములో పెద్ద తగవు వస్తే కూర్చుని చాలాసేపు వాదించుకున్నారు, చివరికి 'పరిశుద్ధాత్మకును మాకును తోచెను' అని ఉత్తరం రాశారు. ఆ 'మాకును' వదిలేయకండి. కొత్త సంవత్సరపు ఆరాధనకు ఇంకా మంచి వాడుక ఒకటుంది. మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ 1755లో లండన్‌లో మెథడిస్టులతో నిబంధన ఆరాధన జరిపించాడు. మెథడిస్టు సంఘాల్లో ఏడాది మొదట్లో ఇప్పటికీ జరిపే ఆ ఆరాధనలో, నన్ను పనిలో పెట్టినా పక్కన పెట్టినా నీ ఇష్టమేనని విశ్వాసులు దేవునికి చెప్పుకుంటారు. ఏదో ఒక కార్డు తీసుకుని ఇంటికి రావడం కంటే ఇది ఎంతో మేలు.

లెక్క వేయడం

అప్పగించాక బుద్ధి వాడాలి. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగింది యేసే. వడ్డీ ఎంత, ఉద్యోగం ఆలస్యమైతే నెలనెలా వాయిదా ఎవరు కడతారు, నాన్నగారి మందులకు ఏం మిగులుతుంది? అంకెలు రాయండి. పారసీక రాజు దగ్గర పనిచేసిన యూదుడు నెహెమ్యాను చూడండి. యూదుల కిస్లేవు నెలలో యెరూషలేము గోడలు కూలాయన్న కబురు విని ఏడ్చి, ఉపవాసం ఉండి, నీసాను నెలలో రాజు ముందు నోరు తెరిచాడు. మధ్యలో దాదాపు నాలుగు నెలలు. కానీ నోరు తెరిచినప్పుడు ఎన్నాళ్లు పడుతుందో చెప్పాడు, దారిలో అధికారులకు ఉత్తరాలు అడిగాడు, దూలాల మానుల కోసం రాజు అడవిని కాసే ఆసాపుకు కూడా ఉత్తరం అడిగాడు. యెరూషలేము వెళ్లాక రాత్రిపూట గోడలు స్వయంగా తిరిగి చూశాడు.

ఇద్దరిని అడగడం

ఇద్దరు చాలు. మీ నిర్ణయం వల్ల వాళ్లకు లాభం ఉండకూడదు. కన్సల్టెన్సీ నడిపే సంఘపెద్ద వద్దు. ఒకరు లెక్క తెలిసినవారు, ఒకరు మీకు 'వద్దు' అని ముఖం మీద చెప్పగలిగినవారు అయితే మంచిది. 'ప్రభువు నాతో మాట్లాడాడు' అని వాళ్ల దగ్గర మొదలుపెట్టకండి. ఆ మాట తర్వాత ఎవరూ నిజం చెప్పలేరు. చదువుకోబోయే అబ్బాయిని కూడా విడిగా కూర్చోబెట్టి అడగండి.

తేల్చాక

నిర్ణయం, తేదీ నోట్‌బుక్‌లో రాసి భార్యాభర్తలిద్దరూ పేరు పెట్టండి. మళ్లీ ఎప్పుడు చర్చించాలో కూడా రాయండి, ఆరు నెలల తర్వాత అయితే సరిపోతుంది. అంతవరకు రాత్రి భోజనాల దగ్గర ఆ విషయం తెరవొద్దు. భయం వస్తే ఆ పేజీ తీసి, రెండు పక్కలా చేసిన ప్రార్థన మళ్లీ చేయండి. వెళ్లాలని తేల్చుకున్నాక వీసా రాకపోతే వెంటనే సాతాను అడ్డుపడ్డాడని సాక్ష్యం చెప్పకండి. పౌలును ఆసియలో (ఇప్పటి టర్కీలోని రోమా ప్రాంతం) వాక్యం చెప్పకుండా ఆపింది, బితూనియకు వెళ్లనివ్వనిది పరిశుద్ధాత్మే. అతను త్రోయకు వెళ్లి ఆగాడు, మాసిదోనియకు రమ్మనే పిలుపు దర్శనంలో అక్కడే వచ్చింది. మీరు కూడా అప్పుకోసం సిద్ధం చేసిన కాగితాలు బ్యాంకు నుంచి వెనక్కి తెచ్చుకుని, కొత్త పేజీలో కొత్త ప్రశ్న రాయండి.